యాభై రెండు శుక్రవారాల నూనె

4, మంగళవారం

పుల్లాయ్,

నీ రంపం మిషను నిన్న ఆగిపోయింది.

నీకు చెప్పకుండా ఎలా ఉంటాను? ఇంట్లో ఉన్నది నేనూ నీ పెళ్ళామూ. ఆ పిల్ల నిన్నటి నుంచి నాతో నోరు విప్పితే ఒట్టు. అందుకని నా కొలతల పుస్తకం తిరగేసి వెనకవైపు నుంచి నీకు రాస్తున్నాను. ముందువైపు వీధిలో వాళ్ళందరి నడుముల చుట్టుకొలతలు ఉన్నాయి. కాబట్టి దీన్ని చచ్చినా ఎవరికీ చూపించను, ఆ భయం నీకొద్దు. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు. అయిదో తరగతిలో ఆపేసిన చెయ్యి ఇది. నువ్వు పదోది దాకా చదివి మాత్రం ఏం రాశావు, షెడ్డు గోడ నిండా పెన్సిలుతో కొలతలు తప్ప.

జరిగింది చెబుతాను. వీధి చివర మందుల షాపాయన లేడూ, అరలు కుంగిపోయాయని కొత్తవి చేయించుకోవాలనుకున్నాడు. నీ పెళ్ళాన్నే అడిగాడు. "పదేళ్ళు ఆయన పక్కన నిలబడ్డావు కదమ్మా. కొలవడం నీకొచ్చు, బిగించడం నీకొచ్చు. ఇక కోత ఒక్కటేగా" అన్నాడు. నిజమే. కోత ఒక్కటే నువ్వు దాన్ని ముట్టనివ్వలేదు. "వేళ్ళు పోతాయే" అని అరిచేవాడివి. వేళ్ళ సంగతి అంత జాగ్రత్తగా చూసుకున్నవాడివి, వానలో బీరువా దింపి బండి మీద తిరిగొస్తూ లారీ సంగతి చూసుకోలేదు. సరే. పద్నాలుగు నెలలైంది. దాని గురించి నేను రాయను.

నాలుగు రోజులు షెడ్డు గడప దాకా వెళ్ళి తిరిగొచ్చేసింది. నిన్న మాత్రం లోపలికి వెళ్ళింది. నేను నా కుట్టుమిషను ఆపేసి చెవులు రిక్కించాను. ఒక కోత. రెండు. మూడు. గడుసుదే అనుకున్నాను. నాలుగోది మొదలవుతూనే మిషను గుర్రుమంది, చిటపటలాడింది, కాలిన వాసనొచ్చింది, మూగబోయింది.

బయటికొచ్చి షెడ్డుకు తాళం వేసింది. "అందుకే ఆయన నన్ను ముట్టుకోవద్దన్నారు అత్తయ్యా" అంది. అంతే.

వాళ్ళ అక్క ఎప్పటి నుంచో పిలుస్తోంది కదా, తనుండే ఊళ్ళో బట్టల కంపెనీలో ప్యాకింగ్ పని ఉందని, ఇరవై రెండో తారీకులోపు చేరాలని. ఇన్నాళ్ళూ "చూద్దాంలే అక్కా" అనేది. నిన్న సాయంత్రం ఫోనులో "వస్తానక్కా" అంది.

కాబట్టి మిషను బాగుపడాలి పుల్లాయ్. అది మూగబోతే ఆ పిల్ల పోతుంది. ఆ పిల్ల పోతే ఈ ఇంట్లో మిగిలేది నేనూ నా కుట్టుమిషనూ. అది నాకంటే ఎక్కువ వాగుతుంది.


5, బుధవారం

షెడ్డుకు రెండో తాళంచెవి నా దగ్గరుందని నీ పెళ్ళానికి తెలియదు. అది కూరగాయలకు వెళ్ళగానే లోపలికి దూరాను.

నువ్వెలా చూసేవాడివో నాకు గుర్తుంది. ముందు ప్లగ్గు. ఆ ప్లగ్గులోనే టేబుల్ ఫ్యాను పెట్టాను, తిరిగింది. అంటే కరెంటు తప్పు కాదు. తర్వాత వైరు. మొదలు నుంచి చివరి దాకా పాము ఒళ్ళు తడిమినట్టు తడిమాను, ఎక్కడా తెగలేదు. తర్వాత స్విచ్చి. నొక్కితే టక్కుమంటోంది, వదిలితే టక్కుమంటోంది. లోపల మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు పీకేసి పళ్ళచక్రాన్ని గుడ్డతో పట్టుకుని తిప్పి చూశాను. మెత్తగా తిరిగింది. ఎక్కడా పట్టెయ్యలేదు.

ఇక నాకు తెలిసిన వైద్యం అయిపోయింది. వీపు మీద ఒకటి చరిచాను కూడా. దానికీ పలకలేదు. అచ్చం నీలాగే.


7, శుక్రవారం

ఇవాళ శుక్రవారం కదా. జబ్బుతో ఉందని నాలుగు చుక్కలు ఎక్కువే వేశాను.


8, శనివారం

కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని చెప్పి మిషనును దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను. ఎంత బరువురా అది! పళ్ళచక్రం గుచ్చుకోకుండా లోపల మూడు పొరలు గుడ్డ చుట్టి, పైన నా పాత చీర కప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటావిడ ఓరగా చూసి, "నిద్రపోతున్నట్టున్నాడు. బాబా, పాపా?" అంది.

"బాబే" అన్నాను.

"ఎన్నో నెల?"

ఏం చెప్పాలి? "పెద్దవాడేలెండి" అన్నాను. ఆవిడ కొంచెం అటు జరిగి కూర్చుంది.

మోటార్లకు తీగ చుట్టే వైండింగాయన నీకు తెలిసినవాడే. సందులో ఫ్యాన్లు వేలాడేసుకుని కూర్చుంటాడు. నీ గురించి చెప్పగానే, "స్క్రూలు నోట్లో పెట్టుకుని మాట్లాడతాడు, ఆ అబ్బాయా?" అన్నాడు. అవునన్నాను. నువ్వు లేవన్న సంగతి ఆయనకు తెలుసు.

తర్వాత అడిగాడు. "ఏమైంది దీనికి?"

"ఆగిపోయిందన్నయ్యా."

"ఎలా ఆగింది? గుర్రుమందా, నిప్పురవ్వలొచ్చాయా, వాసనొచ్చిందా? డాక్టరు దగ్గరికెళ్ళి నొప్పి అనేసి ఊరుకుంటారా చెల్లెమ్మా?"

అన్నీ అయ్యాయని చెప్పాను. ఆయన ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. ఆపరేషనై వారం కూడా కాలేదట. "నేను వంగకూడదు, కంట్లో దుమ్ము పడకూడదు. వారం ఆగితే నేనే చేస్తాను. తొందరైతే కళ్ళు మీవి, చేతులు మీవి. నోరొక్కటే నాది" అన్నాడు.

సూదిలో దారం ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా ఎక్కిస్తానని చెప్పాను. అది అబద్ధం. కళ్ళజోడు సంచిలోనే ఉంది.

మోటారుకు రెండు పక్కలా బిళ్ళంత మూతలుంటాయి, చూశావుగా. వాటిని తిప్పి తీయమన్నాడు. మూత కింద స్ప్రింగు, స్ప్రింగు కింద చిన్న బొగ్గు ముక్క. కార్బన్లు అంటారట. లోపల తిరిగే రాగి రేకులకు ఇవి ఆనుకుని కరెంటు అందించాలి. ఒకటి తేలిగ్గానే వచ్చింది. రెండోది రానంటుంది. నా దారం పీకే పట్టకారుతో పట్టి లాగితే జిగటగా, నల్లగా, బంకలో కూరుకుపోయిన పురుగులా ఊడొచ్చింది.

వైండింగాయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. నాకేసి చూశాడు.

"ఎవరు చెల్లెమ్మా దీనికి నూనె పట్టించింది?"

పుల్లాయ్, నేను చేతులు చెంగులో దాచుకున్నాను.

"నూనెనా?" అన్నాను.

"నూనె. కుట్టుమిషను నూనె. ఒకరోజు పోసింది కాదు, బాగా తాగించారు. నూనెలో కార్బన్ పొడి కలిసి బంకైపోయింది. ఈ ముక్క ఆ బంకలో ఇరుక్కుని రేకులకు ఆనడం మానేసింది. ఇంకెక్కడ తిరుగుతుంది? ఈ మోటారు లోపల పొడిగా ఉండాలమ్మా. ఎవరు పోశారు?"

"ఎవరో... నాకు తెలీదన్నయ్యా."

"సరే. ఆ ఎవరోగారు కనిపిస్తే నా నమస్కారాలు చెప్పండి. మహా ప్రేమగా పోశారు."


9, ఆదివారం

అంతా నూనె వల్లే అని ఏముంది? మిషను పాతదైంది. పదకొండేళ్ళు. మనుషులే ఆగిపోతున్నారు.


9, ఆదివారం, సాయంత్రం

మళ్ళీ రాస్తున్నాను. పొద్దున రాసింది చదువుకుంటే నాకే సిగ్గేసింది.

నేనే పోశాను. నువ్వు పోయిన రెండు నెలల నుంచి, ప్రతి శుక్రవారం. నాకు కుట్టు నేర్పినావిడ మొదటి రోజే చెప్పింది, మిషనంటే నోరులేని ప్రాణి, వారానికోసారి నూనె వెయ్యకపోతే ఎండిపోతుందని. నా మిషనుకు ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాను, అది ఇంకా చక్కగా వాగుతూనే ఉంది. నీదానికి ఎవరున్నారు? అందుకని నా మిషనుకు వేసిన చేత్తోనే షెడ్డులోకి వెళ్ళి, పక్కన గాలి ఆడడానికి పెట్టిన కంతలున్నాయే, వాటిల్లోంచి వేసేదాన్ని. చుక్కలు లోపలికి జారుతుంటే నీతో రెండు మాటలు చెప్పేదాన్ని. ఫలానా వాళ్ళు నిన్నడిగారని, ఫలానా తలుపు ఇంకా కిర్రుమనడం లేదని. చిన్నప్పుడు తలకు నూనె రాస్తానంటే మంచం కింద దూరి రెండు గంటలు రాలేదు నువ్వు. ఇది మాత్రం బుద్ధిగా కూర్చుని తాగింది. కుదురుగా కూర్చుందని మురిసిపోయి ఇంకో చుక్క.

యాభై రెండు శుక్రవారాలు. జబ్బుపడ్డాక వేసింది కలిపితే యాభై మూడు.

నీ పెళ్ళాం చెయ్యి మంచిదే. నా చెయ్యే.

రేపు చెబుతాను దానికి.


10, సోమవారం

వాన పడింది. చెప్పలేదు.

వానకీ దానికీ ఏం సంబంధం అని అడక్కు.


11, మంగళవారం

మళ్ళీ బట్టలివ్వడానికి వెళ్ళాను. ఈ వారం ఊళ్ళో సగం మంది కొత్తబట్టలు కట్టుకుని ఉండాలి నా లెక్కన. మిషను ఆయన కొట్లోనే ఉంది.

"రండి చెల్లెమ్మా. ఎవరోగారు కనిపించారా?"

"లేదన్నయ్యా."

"కనిపిస్తార్లెండి. ఊరు చిన్నదేగా."

ఇవాళ అసలు పరీక్ష. వెనక డబ్బా విప్పి, లోపలి దుంపను బయటికి తీయించాడు. ఆర్మేచర్ అంటారట, రాగి తీగ చుట్టిన దుంప. దాని ఒక కొసన పట్టీలా రాగి రేకులు. ఇరవై నాలుగు లెక్కపెట్టాను. రేకుల మీద నల్లటి పొర. మొదట స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడవమన్నాడు. నాలుగు గుడ్డలు నల్లబడ్డాయి. తర్వాత సన్న గరుకు కాగితం చుట్టి దుంపను మెల్లగా తిప్పమన్నాడు. రేకుకూ రేకుకూ మధ్య సన్నటి సందుంటుంది, అందులో ఇరుక్కున్న బంకను వెదురు బద్ద చెక్కి గీకించాడు. సూదితో గీకుతానంటే కసిరాడు. "గీత పడిందంటే ఇక దాని పని అంతే. ఇది మీ కాలరు మడత కాదు."

"కాలరు మడత ఎంత కష్టమో మీకేం తెలుసు. మీ చొక్కా కాలరు చూడండి, ఎవడు కుట్టాడో గానీ ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి."

ఆయన తడుముకుని చూసుకున్నాడు. "నిజమే! పదేళ్ళుగా ఎవరూ చెప్పలేదే."

తర్వాత బల్బు తగిలించిన రెండు వైర్లు తెచ్చాడు. ఒకటి దుంప ఇరుసుకు తగిలించి ఉంచుతానన్నాడు, రెండోది ఒక్కో రేకుకూ తాకించమన్నాడు. "బల్బు వెలగకూడదు. ఎక్కడ వెలిగినా లోపల తీగ కాలి ఇరుసుకు అంటుకున్నట్టే. దుంప పోయినట్టే. ఈ రకం దుంప ఇప్పుడు దొరకదు."

పుల్లాయ్, నా జన్మలో దీపం వెలక్కూడదని కోరుకోవడం ఇదే మొదలు. ఒకటి. వెలగలేదు. రెండు. వెలగలేదు. పదకొండో రేకు దగ్గర వైరు జారిపోయింది. "ఊపిరి పీల్చండి, ఊపిరి" అంటున్నాడాయన. ఇరవై మూడు. ఇరవై నాలుగు. బల్బు నల్లగా, చల్లగా, చక్కగా చచ్చినట్టు పడుంది. ఇంత ముద్దొచ్చే బల్బును నేను చూడలేదు.

"ఎవరోగారు అదృష్టవంతులు" అన్నాడు.

నేను దుంపను గుడ్డతో తుడుస్తూ తలెత్తకుండా, "అన్నయ్యా, ఆ ఎవరోగారు నేనే" అన్నాను.

"తెలుసు చెల్లెమ్మా. మొన్ననే మీ చేతుల మీద అదే వాసన."

మరి మొన్ననే అనొచ్చుగా! ఇంత గడుసు మనిషితో నాలుగు రోజులు నాటకమాడాను. ఇంటికొస్తూ బస్సులో అనుకున్నాను, ఒకరికి చెప్పేశాను కదా, సగం పనైందని. కాలేదు. చెప్పాల్సింది ఆయనకు కాదు.


12, బుధవారం

ఆ పిల్ల తన గుడ్డలు సర్దడం మొదలుపెట్టింది. మడతలు ఎంత నీట్‌గా పెడుతుందో. నీ చొక్కా ఒకటి కూడా పెట్టింది, నీలం గళ్ళది. చూడనట్టు ఊరుకున్నాను.

చెప్పలేదు. చెబితే కోపమొచ్చి ఇరవై రెండు దాకా కూడా ఆగదేమో. చెప్పకపోతే ఇరవై రెండున పోతుంది. చూశావా, రెండు పక్కలా పోయేదే. అందుకని ముందు మిషను బాగవనీ అనుకున్నాను. మిషను తిరిగితే తనే కోస్తుంది, నూనె ఊసే రాదు. ఎలా ఉంది నా తెలివి?


13, గురువారం

కొత్త కార్బన్లు ఈ సైజువి లేవు. వైండింగాయన ఒక డబ్బా గుమ్మరించి కొంచెం పెద్దవి ఏరాడు. గరుకు కాగితం బల్లమీద పరిచి, దానిమీద కార్బన్ ముక్కను రుద్ది రుద్ది సైజుకు తేవాలి. లోపల కదలాలి గానీ ఊగకూడదు. నేను నా టేపు తీశాను. ఆయన నవ్వీ నవ్వీ కంటి గుడ్డ పట్టుకున్నాడు. "నవ్వించకండి చెల్లెమ్మా, కుట్లు ఊడతాయి. దీనికి టేపు కాదు, వేలు. వేలికి తెలియాలి. ఎక్కువ అరగదీస్తే మళ్ళీ అతకలేం, ఇది బట్ట కాదు."

"బట్టైతే మాత్రం ఎక్కువ కత్తిరించాక ఎలా అతుకుతాం అన్నయ్యా?"

"అదీ నిజమే."

నాలుగు రుద్దులు, ఒకసారి పెట్టి చూడ్డం. మళ్ళీ నాలుగు రుద్దులు. రెండో గంటకు రెండూ జారినట్టు దూరాయి. అన్నీ బిగించాం. పళ్ళచక్రం లేకుండానే నడపమన్నాడు. స్విచ్చి నొక్కాను.

అరిచింది పుల్లాయ్! కంతల్లోంచి చూస్తే మొదట నీలంగా నిప్పురవ్వలు, మెల్లగా అవి సన్నబడ్డాయి. కొత్త కార్బన్లు రేకుల వంపుకు అలవాటు పడాలట. పది నిమిషాలు తిరిగింది. వీధిలో అందరూ చెవులు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

ఎంతివ్వమంటారని అడిగితే ఆయన కాలరు చూపించాడు. కాలర్లు సరిచేసిస్తానని ఆయన చొక్కాలు రెండు తెచ్చుకున్నాను.


15, శనివారం

నిన్న శుక్రవారం. ఏమీ వెయ్యలేదు. చెయ్యి ఊరికే ఉండలేక నా మిషనుకే రెండుసార్లు వేశాను. కుట్టిన బట్టంతా మరకలు.

మిషను షెడ్డులో దాని చోట పెట్టేశాను. మధ్యాహ్నం ఏమీ ఎరగనట్టు అన్నాను. "అమ్మాయ్, ఇంకోసారి ఆ మిషను పెట్టి చూడరాదూ? ఒక్కోసారి వాటంతటవే బాగవుతాయి."

"మిషన్లు వాటంతటవి బాగవవు అత్తయ్యా."

"నీకెలా తెలుసు?"

"ఆయన చెప్పారు."

అన్నింటికీ నువ్వే అడ్డం.

అప్పుడు అంది పుల్లాయ్. నేను అడక్కపోయినా అంది. "ఆ రోజు వాన తగ్గాక వెళతానన్నారు. మాటిచ్చాం కదా, బీరువా ఇవాళే దింపేసి రండని నేనే పంపాను. మిషను పదకొండేళ్ళు తిరిగింది, నేను ముట్టుకుంటే మూడు కోతలు. నా చెయ్యి పడితే ఏదీ ఉండదు. ఆ మందుల షాపాయనకు వేరే మనిషిని చూసుకోమన్నాను."

నేను లేచాను. నీటికుండ మీద మూత సర్ది వచ్చాను.


16, ఆదివారం

పొద్దున నుంచి నా మీద నాకే కంపరం.


17, సోమవారం

నిజం చెబుతాను, నీకు తప్ప ఎవరికీ చెప్పను. దాని కోపానికి భయపడి మాత్రమే కాదు నేను ఊరుకున్నది. చెబితే శుక్రవారం పోతుంది. అది ఒక్కటే నాకూ నీకూ మధ్య మిగిలింది. అది కూడా తప్పుపనే అని ఒప్పుకోవాలి. ఆ మిషనుకు నేను నూనె కాదు, విషం పోశానని ఒప్పుకోవాలి.

ఆ పిల్ల ఇంకోటి ఒప్పుకుని కూర్చుంది కదా, చెయ్యని దాన్ని. దాంతో పోలిస్తే నాదెంత?


18, మంగళవారం

చెప్పాను.

మాటలతో మొదలుపెడితే మళ్ళీ నీటికుండ దగ్గరికే పోతానని తెలుసు. అందుకని షెడ్డులోకి వెళ్ళి తలుపులు తెరిచి, మిషనును బల్ల మీద పెట్టి, స్విచ్చి నొక్కాను. వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు. పరుగెత్తుకొచ్చింది. గడప దగ్గర ఆగి తలుపుచెక్క పట్టుకుంది. నువ్వనుకుందేమో ఒక్క క్షణం. ఆ పాపం కూడా నాదే.

ఆపాను.

"ఎవరు బాగు చేశారు?"

"నేను."

"మీరా?"

"ఏం, నాకు చేతుల్లేవా? వైండింగాయన చెప్పాడు, నేను చేశాను."

"మీరు బట్టలివ్వడానికి వెళ్ళారు కదా?"

"అమ్మాయ్, పాడు చేసిందీ నేనే."

అంతా చెప్పాను. శుక్రవారాలు, కంతలు, చుక్కలు, బంక. పాత కార్బన్ ముక్క చెంగుకు కట్టుకుని ఉన్నాను, విప్పి చూపించాను. దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"ఎన్ని శుక్రవారాలు?"

"యాభై రెండు. జబ్బుపడ్డాక వేసింది కలుపుకుంటే యాభై మూడు."

"జబ్బుపడ్డాక కూడా వేశారా!"

"జబ్బు కదా అని కొంచెం ఎక్కువే."

నవ్వుతుందనుకున్నాను. పెదవులు కదిలాయి కూడా. కానీ కళ్ళు వేరేగా ఉన్నాయి.

"మీకెప్పుడు తెలిసింది ఇది?"

"ఎనిమిదో తారీకు."

"ఇవాళ పద్దెనిమిది."

"రోజూ చెబుదామనే..."

"నేను పాడు చేశానని నేను ఏడుస్తుంటే, పది రోజులు మీరు నా పక్కన కూర్చుని కాజాలు కుట్టారా అత్తయ్యా?"

కాజాలు కుట్టిన మాట నిజం. ముప్పై ఆరు కుట్టాను.

"బీరువా సంగతి నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు. నేనైనా ఆ రోజు వెళ్ళొద్దనలేదు" అన్నాను. "మిషను సంగతి మాత్రం నాకు తెలుసు. చేత్తో పట్టుకుని, ఇరవై నాలుగు రేకులూ లెక్కపెట్టి చూశాను. నీ చెయ్యి దాన్ని ఏమీ చెయ్యలేదు."

కార్బన్ ముక్క బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.


19, బుధవారం

మాట్లాడలేదు. నేను అడిగితే ఊ, ఆ. సంచి గుమ్మం దగ్గరికొచ్చింది.


20, గురువారం

సంచి అక్కడే ఉంది. నీలం గళ్ళ చొక్కా పైనే కనిపిస్తోంది. వైండింగాయన కాలర్లు తిరగేసి కుట్టాను. ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి వచ్చింది. విప్పి మళ్ళీ కుట్టాను.

కోపం రానీ. పోతే పోనీ. కానీ చెయ్యి మంచిది కాదనుకుంటూ పోకూడదు. అంతవరకు నా పని అయింది.

ఇది రాశాను గానీ, పోతే పోనీ అన్నది అబద్ధం. నీకు తెలుసు.


21, శుక్రవారం

పుల్లాయ్, పొద్దున లేచి నా మిషను దగ్గర కూర్చుంటే అది కీచుమంటోంది. సొరుగు లాగాను. నూనె డబ్బా లేదు. సొరుగంతా వెతికాను, కింద వెతికాను. వంటింట్లోంచి గొంతు వినిపించింది, మూడు రోజుల తర్వాత.

"ఏం వెతుకుతున్నారు?"

"నూనె డబ్బా."

"నా దగ్గరుంది. దేనికి?"

"దేనికేమిటి, కుట్టుమిషనుకు!"

వచ్చింది. డబ్బా కొంగులోంచి తీసింది. నా మిషను మీద ఒక చుక్క, ఇంకో చుక్క వేసి మూత పెట్టేసింది.

"ఇంకొకటి" అన్నాను.

"చాలు. ఇక నుంచి ఈ ఇంట్లో నూనె నా చేతి మీదుగానే."

నా ఇల్లు, నా మిషను, నా డబ్బా! అని పోట్లాడేంత ముఖం లేదు, పోట్లాడాలనీ లేదు. ఎందుకంటే "ఇక నుంచి" అంది. వినపడిందా నీకు? రేపు పోయే మనిషి ఇక నుంచి అంటుందా?

కాసేపటికి ఫోనులో వాళ్ళక్కతో అంటోంది, నాకు వినపడాలనే గట్టిగా. "రావడం కుదరదక్కా. పనొప్పుకున్నాను. మళ్ళీ అడిగితే సరేనన్నాడు షాపాయన. ఇంకోటి, ఇక్కడ ఒకావిడని కనిపెట్టుకుని ఉండాలి. వదిలేస్తే కనపడిన కంతలన్నింట్లో నూనె పోసేస్తుంది."

తర్వాత షెడ్డులోకి వెళ్ళింది. నేను కుట్టుమిషను మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. మిషను అరిచింది. ఒకటి. రెండు. మూడు. మూడు తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. నాకు తెలుసు అది గడపకేసి చూస్తోందని. నేనైతే లేచి వెళ్ళలేదు. లేవకూడదని బల్ల అంచు పట్టుకున్నాను.

నాలుగు.

అయిదు, ఆరు, ఏడు. తర్వాత నేను లెక్క మానేశాను.

మధ్యాహ్నం నెత్తినిండా రంపం పొట్టుతో వచ్చి నా చేతిలో ఒక బ్రష్షు పెట్టింది. నువ్వు వార్నిషుకని తెచ్చి వాడకుండా పెట్టినది.

"శుక్రవారం శుక్రవారం సాయంత్రం పని అయ్యాక ప్లగ్గు పీకి ఇస్తాను. కంతల్లో దుమ్ము మీరు దులపాలి. పొడి బ్రష్షుతో. పొడి అన్నాను అత్తయ్యా."

"విన్నానులే."

"దులుపుతూ మీరు ఏం మాట్లాడుకుంటారో నేను వినను. తలుపేసుకోండి."

దానికెలా తెలుసు నేను మాట్లాడతానని? నేను చెప్పింది నూనె సంగతే, మాటల సంగతి చెప్పలేదు. అంటే నువ్వు చేసుకున్న పెళ్ళాం గోడవతల నుంచి ఏడాదిగా వింటూనే ఉంది, మిషను పక్కన కూర్చుని ముసల్ది వాగుతోందని. అయినా ఒక్కనాడూ తలుపు తియ్యలేదు.

ఇప్పుడే దులిపి వచ్చాను. లోపల పొడిగా ఉంది, వేలుతో చూశాను. ఫలానా తలుపు కిర్రుమనడం మొదలుపెట్టిందట, నీ పెళ్ళాం రేపు చూసొస్తానంది. నువ్వు కొట్టిన మేకే వదులైందట. ఇన్నాళ్ళూ నీ పనికి వంక లేదని ఊరంతా చెప్పుకు తిరిగాను, పరువు తీశావు.

పిలుస్తోంది. "అత్తయ్యా, చల్లారిపోతోంది, ఆ రాతలు తర్వాత రాసుకోవచ్చు" అని. రెండు కంచాలు పెట్టిన చప్పుడైంది. మొన్నటి నుంచి అది వంటింట్లో నిలబడి, నేను ఇక్కడ కూర్చుని తిన్నాం. ఇవాళ పక్కపక్కన పెట్టింది. నేను వెళుతున్నాను.

నువ్వూ వేళకి తినరా నాన్నా. కడుపునిండా తిను.